వయసు అడిగే యాప్ ఊరు కూడా అడుగుతుంది

పదహారేళ్లలోపు పిల్లలను సోషల్ మీడియాకు దూరం పెట్టిన ఆస్ట్రేలియా చట్టాన్ని పరిశీలిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో చెప్పారు. అక్కడ ఆ చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూసే పిల్లలున్న ఇళ్లలో ఈ ఆలోచనను కాదనేవాళ్లు తక్కువే. అయితే వయసు పరిమితి పెట్టడం ఒక ఎత్తు, ఎవరికెంత వయసో తేల్చడం మరో ఎత్తు. పిల్లలెవరో తెలియాలంటే పెద్దలంతా తాము పిల్లలం కామని నిరూపించుకోవాలి. ఆ రుజువు ప్రభుత్వ యాప్ చేతికి వెళితే వ్యవహారం వయసు దగ్గరే ఆగదు.

శ్రీకాకుళం జిల్లా పాతపట్నాన్నే చూడండి. పొలిమేర దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి. నౌపడ-గుణుపురం రైలు మార్గం రెండు ఊళ్లనూ కలుపుతూ పోతుంది. బజారుకు, ఆస్పత్రికి, చుట్టరికాలకు జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అమరావతిలో చేసిన చట్టం రాష్ట్ర సరిహద్దు దాకానే చెల్లుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌కు ఆ సరిహద్దు కనపడదు. ఇంటర్నెట్ అడ్రసును బట్టి మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో కచ్చితంగా చెప్పలేం. లొకేషన్‌ను పదమూడేళ్ల కుర్రాడు కూడా ఆపేయగలడు. ఇక మిగిలేది చిరునామా రుజువే. అంటే రాష్ట్ర స్థాయి వయసు నిబంధన ఏదైనా సరే పుట్టిన తేదీతో మొదలై, ఇల్లెక్కడో చెప్పమనే దాకా వస్తుంది.

తల్లిదండ్రుల సమ్మతి సంగతి ఇంకా తికమక. 18 ఏళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే ఆ సమ్మతి తప్పనిసరి అని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. సమ్మతి ఇచ్చేవారి గుర్తింపును, వయసును డిజిలాకర్ టోకెన్‌తోనూ చూపవచ్చని 2025 నవంబరు నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఉత్తరాంధ్రలో అమ్మానాన్నలు హైదరాబాద్‌కో చెన్నైకో పనికి పోయి, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలిన ఇళ్లు ఎన్నో. ఫోన్ అమ్మమ్మది, సిమ్ నాన్న పేరు మీద, వాడేది మనవడు. అమ్మమ్మ ఆధార్‌తో మనవడు ఒక్క నిమిషంలో పెద్దవాడైపోతాడు. పైగా ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని జారీచేసే ఉడాయే 2023 డిసెంబరులో తేల్చింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సైతం ఒక ప్రమాద పరిహారం కేసులో ఆధార్‌ను కాదని స్కూలు సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకుంది. పుట్టిన రోజు తెలియనివారికి జనవరి 1 వేసి ఇచ్చిన కార్డులు ఏజెన్సీలో కొల్లలు. అలాంటి తేదీ మీద వయసు రుజువును నిలబెట్టడం సాహసమే.

ఇవన్నీ సర్దుకున్నా నమ్మకం మాటేమిటి? సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మేలో ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడ్డాయని దాని సారాంశం. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి హామీ చెల్లింపులది, చంద్రన్న బీమాది. మరుసటి ఏడాది రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం వివరాలతో సహా కనిపించాయి. ఎవరూ చొరబడి దొంగిలించలేదు, తలుపు తెరిచే ఉంది.

ఫేస్‌బుక్‌కు అన్నీ ఇచ్చేసి ప్రభుత్వానికివ్వడానికి జంకడమేమిటని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. కంపెనీలేమీ శుద్ధపూసలు కావు: 2025 అక్టోబరులో డిస్కార్డ్ వాడే దాదాపు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటకు పోయే ముప్పులో పడ్డాయి. కానీ నచ్చకపోతే ఫేస్‌బుక్ ఖాతా మూసేయొచ్చు. పింఛను, రేషన్, తల్లికి వందనం ఇచ్చే చేతికే మనం ఏ యాప్ ఎప్పుడు తెరిచామో కూడా తెలిస్తే, ఆ ఖాతాను ఎక్కడ మూస్తాం?

పేరు, తేదీ బయటపెట్టకుండా 'పద్దెనిమిది దాటింది' అని మాత్రమే చెప్పే సాంకేతికత ఉందన్నది రెండో వాదన. నిజమే, ఐరోపా సమాఖ్య అలాంటి యాప్ నమూనానే 2025 జులైలో విడుదల చేసింది. వైన్ షాపువాడు మనిషిని చూసి సరుకిస్తాడు లేదా మానేస్తాడు, పేరు రాసుకోడు; యాప్ కూడా అలాగే ఉండాలన్నది లక్ష్యం. కానీ రాసుకోకుండా ఉండటం సాంకేతికత ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. సర్వర్‌లో చిట్టా నిలవ ఉంచాలా వద్దా అన్నది యాప్ నడిపేవారి నిర్ణయం. రేపు పోలీసులో మరో శాఖో అడిగితే ఇవ్వాలా వద్దా అన్నది చట్టం తేల్చాలి. ఇక్కడేమో దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే వీలు డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది.

ఆస్ట్రేలియాను ఆదర్శంగా తీసుకునేవారు ఆ చట్టంలోని ఇంకో షరతునూ తీసుకోవాలి: ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే మార్గమని ఏ కంపెనీ పట్టుబట్టకూడదు. తల్లిదండ్రుల సమ్మతి నిబంధనలు అమల్లోకి వచ్చేది 2027 మేలో. ఆలోగా రాష్ట్రం ముసాయిదాను ప్రజల ముందు పెట్టి, చిట్టా దాచబోమనీ, వయసు కోసం ఇచ్చిన వివరాన్ని మరే శాఖా వాడదనీ అందులోనే రాయాలి. యాప్ కోడ్‌ను బయటి నిపుణుల తనిఖీకి ఇవ్వాలి. ఆధార్ చూపని మనిషికి వేరే దారి ఏమిటో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.