చెప్పు కొరికిన కుక్కపిల్లది తప్పేనా?

మొన్న ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి దిగాలుగా కూర్చున్నాడు. ఏమయిందిరా అంటే, "మా కుక్కపిల్ల నాన్న కొత్త చెప్పు కొరికేసింది మాస్టారూ. నాన్న కర్రతో కొట్టారు. ఇంకోసారి కొరికితే ఊరి బయట వదిలేస్తానన్నారు" అన్నాడు. దాని వయసెంత అని అడిగాను. అయిదు నెలలట. ఆ మాట వినగానే నాకు సంగతి బోధపడింది. ఆ కుక్కపిల్ల తప్పేమీ చేయలేదని నా అభిప్రాయం. ఎందుకో వినండి.

మనకు పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32 గదా. కుక్కకు పాలపళ్లు 28, శాశ్వత దంతాలు 42. మనకు ఆరేళ్ల వయసులో మొదలై ఏళ్ల తరబడి సాగే ఈ మార్పిడి, కుక్కపిల్లకు సుమారు నాలుగో నెలలో మొదలై ఏడో నెలకల్లా ముగుస్తుంది. అన్నాళ్లూ దాని చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. ఏదైనా కొరికితే కాస్త హాయి. పళ్లు వస్తున్న చంటిపాప దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటే మనం కర్ర తీస్తామా? పైగా చెప్పుకు యజమాని వాసన ఉంటుంది. దానికి అంతకన్నా ప్రియమైన వస్తువు ఇంకేముంటుంది! ఎప్పుడో కొరికినదానికి సాయంత్రం వచ్చి కొడితే, ఆ దెబ్బకూ చెప్పుకూ సంబంధమేమిటో దానికి తెలియదు. మనిషిని చూస్తే భయపడటం మాత్రం నేర్చుకుంటుంది.

కుక్కపిల్లకు ఇది కొన్ని నెలల బాధ. ఎలుక, ఉడుత, గినీపంది వంటి వాటికి మాత్రం కొరకడం బతికున్నంతకాలం తప్పని పని. వాటి కుంతకాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఆ పంటికి ముందువైపు గట్టి ఎనామిల్, వెనుకవైపు దానికన్నా మెత్తని డెంటీన్ ఉంటాయి. కొరికినప్పుడల్లా వెనుకభాగం త్వరగా అరుగుతుంది, ముందు అంచు ఉలిలా నిలుస్తుంది. సాన పట్టనక్కరలేని ఉలి అన్నమాట! ఎలుక పళ్లు నారింజరంగులో ఉంటాయి, గమనించారా? తోముకోక అలా అయ్యాయనుకోకండి. ఎనామిల్‌లో ఉన్న ఇనుము వల్ల వచ్చిన రంగు అది.

కుందేలు ఎలుక జాతిది కాకపోయినా దాని పళ్లూ అలాగే పెరుగుతాయి. కుంతకాలే కాదు, దవడ పళ్లు కూడా. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో రెండు కుందేళ్లను పెంచాం. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, నానబెట్టిన రొట్టె పెట్టేవాళ్లం. అవి తింటుంటే పిల్లలకూ నాకూ సంతోషం. ఒకరోజు వాటిలో ఒకటి తిండి మానేసింది, నోటివెంట చొంగ కారింది. జ్వరమేమో, అదే తగ్గుతుందిలే అనుకున్నాను. చివరకు పశువుల డాక్టరుగారి దగ్గరకు తీసుకెళితే ఆయన నోరు తెరిచి చూపించారు. దవడ పళ్లు అరగక ముళ్లలా పెరిగి నాలుకను కోసేశాయి. రెండు రోజులకు అది చనిపోయింది. కుందేలు దంతసూత్రం బోర్డు మీద రాసి, మొత్తం 28 అని ఏటేటా వల్లె వేయించిన నేను, ఒక్కసారైనా దాని నోట్లోకి చూడలేదు.

అందుకే జంతువును తెచ్చుకునే ముందే అది కొరకడానికి ఏమిస్తామో ఆలోచించుకోవాలంటాను. ఇప్పుడు పట్నాల్లో ఇందుకోసం రంగురంగుల బొమ్మలు అమ్ముతున్నారు. కొనలేమే అని బెంగపడకండి. కుందేలు చెక్కబొమ్మను కొరికితే ముందుపళ్లు అరుగుతాయేమోగాని దవడ పళ్లు అరగవు. వాటిని అరగదీసేది గడ్డి. గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. సరదాకు జామ రెమ్మ వేయవచ్చు. గన్నేరు కొమ్మ మాత్రం ఎప్పుడూ వేయవద్దు, అది విషం.

కుక్కకు ఇచ్చే వస్తువును ముందు మీ గోటితో నొక్కి చూడండి. కొంచెమైనా నొక్కు పడకపోతే అది పంటిని విరిచేటంత గట్టిది. గొంతులో జారేటంత చిన్నదీ పనికిరాదు. ఉడికించిన ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది. కుక్కన్నాక ఎముక వేయాలిగా అనే పెద్దలకు ఈ మాట మీరే చెప్పాలి. ఇక పాత చెప్పు ఇచ్చి ఊరుకోబెట్టడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. పాత చెప్పేదో కొత్త చెప్పేదో అది ఎలా పోల్చుకుంటుంది?

ఆ అబ్బాయిని పాత తువ్వాలు ఒకటి ముడివేసి, చన్నీళ్లలో తడిపి ఇమ్మన్నాను. పోగులు ఊడితే మింగేస్తుంది కాబట్టి దగ్గరుండి కొరికించి, తరువాత తీసేయమన్నాను. వాళ్ల నాన్నగారిని చెప్పులు గూట్లో పెట్టుకోమని చెప్పమన్నాను. వారం తరువాత అడిగితే, "చెప్పుల జోలికి పోవడం లేదు మాస్టారూ, ఇప్పుడు నా పుస్తకాల సంచి పట్టీ మీద పడింది" అన్నాడు. ఇంకో రెండు నెలలు సంచిని మేకుకు తగిలించమన్నాను.