వెలిగించని దీపం

నాణేలను, తపాలా బిళ్ళలను సేకరించేవారు మన కళాశాలలోనూ కొందరున్నారు. వారి అభిరుచిని ఎవరూ ఆక్షేపించరు. కాని 1950, 60 దశకాలలో చెకొస్లొవేకియాలో తయారైన టేబుల్ ల్యాంపులను వెదకి వెదకి కొనేవారు యూరప్ ఖండంలో ఉన్నారంటే మన విద్యార్థి సోదర సోదరీమణులు నవ్వుకొనవచ్చు. మేము నవ్వబోవడం లేదు. వారి అభిరుచి మెచ్చదగినదే. సేకరించే పద్ధతి విషయంలోనే మాకు అభిప్రాయభేదం.

ఆ దీపాల పుట్టుక తెలియనిదే వాటి విలువ తెలియదు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ అధికారాన్ని హస్తగతం చేసుకొన్న పిమ్మట ఆ దేశంలోని చిన్న చిన్న ప్రయివేటు కర్మాగారాలు సైతం జాతీయ సంస్థలలోనో, సహకార సంఘాలలోనో కలిసిపోయినవి. లిడోకోవ్, నాపాకో మున్నగు సంస్థలు సామాన్య కుటుంబాల కోసం దీపాలను తయారు చేసినవి. 1958 ఏప్రిల్‌లో బ్రస్సెల్స్ నగరంలో ప్రపంచ ప్రదర్శన ప్రారంభమైంది. అందులో చెకొస్లొవేకియా మండపం ఉత్తమ మండపంగా బంగారు నక్షత్రాన్ని అందుకొన్నది. ఆ విజయంతో దేశమంతటా ఒక క్రొత్త ఊపు వచ్చింది. సన్నని ఏటవాలు కాళ్ళు, వంపు తిరిగిన రేఖలు, ఎరుపు పసుపు వంటి ఉల్లాసకరమైన రంగులు ఇంటి సామానులోకి ప్రవేశించినవి. దానిని నేటికీ అక్కడివారు బ్రస్సెల్స్ శైలి అనే పిలుస్తారు. ఆ మండపంలోని భోజనశాలను విప్పి తీసుకువచ్చి ప్రాగ్ నగరంలో లెట్నా గుట్టమీద మరల నిలబెట్టారు. ఇరుకైన క్రొత్త ఫ్లాట్లలో కాపురం పెట్టిన కార్మికునికి అంత పెద్ద ప్రదర్శనలోని కళ అందినది ఇటువంటి చిన్న వస్తువుల ద్వారానే.

ఇప్పుడు జరుగుతున్నదేమి? సామాన్యుని బల్లమీది దీపం సంపన్నుని అద్దాల బీరువాలోకి చేరుతున్నది. అది కాలధర్మమని ఊరుకోవచ్చు. ఊరుకోరానిది మరొకటి ఉన్నది. యొసెఫ్ హూర్కా ఆ కాలపు ప్రసిద్ధ దీప రూపకర్త. ఆయన పేరుకు గిరాకీ ఉన్నందున, గుండ్రని రేకు తొడుగున్న ప్రతి దీపాన్నీ ఆయన ఖాతాలో వేసి అమ్మేవారు తయారైనారు. ఇందువలన కొనేవాడు మోసపోవడం ఒక నష్టం. ఆ దీపాన్ని నిజంగా రూపొందించిన మరొక కళాకారుని పేరు శాశ్వతంగా చెరిగిపోవడం అంతకంటె పెద్ద నష్టం. అడుగున సంస్థ గుర్తు లేనప్పుడు, పాత కేటలాగులో బొమ్మ దొరకనప్పుడు, రూపకర్త ఎవరో తెలియదని వ్రాసుకొనుటే మర్యాద.

ఇక తీగల సంగతి. అసలు తీగను మార్చితే వస్తువు స్వచ్ఛత పోతుందని కొందరు సేకర్తలు పట్టుబడతారు. ఈ వాదాన్ని మేము ససేమిరా అంగీకరించము. అరవై డెబ్బది ఏండ్లనాటి రబ్బరు తొడుగు ఎండి పగిలిపోతుంది. లోపలి రాగి బయటపడి లోహపు కాండానికి తగిలితే దీపమంతా విద్యుత్తు ప్రసరిస్తుంది. ఆ కాలపు దీపాలలో ఎన్నింటికో ఎర్తు తీగయే లేదు. ఇంటిలో పిల్లలున్నప్పుడు స్వచ్ఛత పేర అటువంటి దానిని ప్లగ్గులో పెట్టడం నేరంతో సమానం. తీగ అరిగిపోయే భాగమే గాని శిల్పం కాదు. రంగు విషయం వేరు. పాత రంగు గీకి క్రొత్తది పూస్తే తిరిగి రాదు. గీతలు పడినా దానిని ఉంచవలసిందే.

మన ఊరిలో ఈ చర్చ దేనికని పాఠకులు అడుగవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బొహీమియా గాజు సామగ్రిని చూచి మురియనివారు మనలో ఎవరు? రామచంద్రాపురంలోని విద్యుత్ పరికరాల కర్మాగారం 1960 దశకంలో చెకొస్లొవేకియా సహకారంతోనే వెలసింది. 1993 జనవరి 1న ఆ దేశం రెండుగా విడిపోయి, చెకొస్లొవేకియా అనే పేరు ఇటువంటి వస్తువుల అడుగునే మిగిలింది. అటువంటి దీపం మనలో ఎవరి చేతికైనా వస్తే భయపడనక్కరలేదు. వోల్టేజి దాదాపు మనదే. హోల్డరు మాత్రం మన గుచ్చి తిప్పే రకం కాదు, మరవలె బిగించేది. దానికి తగిన ఎల్.ఇ.డి. బల్బులు మన బజారులోనూ దొరుకుతాయి. పాత బల్బుల వేడి వాటిలో లేనందున ప్లాస్టిక్ తొడుగులకు మేలే.

చేయవలసింది స్వల్పం. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత తీగ మార్పించి, తీసివేసిన పాత తీగను, ప్లగ్గును పారవేయక, ఏ తేదీన మార్చినదీ ఒక చీటీపై వ్రాసి, పొట్లం కట్టి దీపంతోనే ఉంచవలెను. ఆ తరువాత దానిని బీరువాలో గాక చదువుకొనే బల్లమీద పెట్టుకొనవచ్చు.