ఒరిజినలేనా? రుజువేంటి?

రెండు పాత స్పోర్ట్స్ కార్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు. రెండింటి బానెట్ మీదా గాలి ఆడటానికి చీలికలు, దాని మీదుగా తోలు బెల్టు. లోపల అవే పెద్ద కార్బ్యురేటర్లు. అయినా ఒకదానికి వచ్చే ధర రెండోదానికి రాదు. తేడా ఎక్కడుందంటే, డెబ్బై ఏళ్ల కిందటి ఫ్యాక్టరీ రిజిస్టర్‌లో!

ఆ కారు పేరు ఆస్టిన్-హీలీ 100ఎం. ప్లేస్‌మెంట్స్ టైంలో ఈ గోల మనకెందుకు అంటారా? ‘ఇది నిజమేనని నమ్మేదెలా?’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో మనకూ ఎదురవుతుంది కాబట్టి. పాత కార్ల లోకం ఆ ప్రశ్నతో దశాబ్దాలుగా కుస్తీ పడుతోంది. పైగా బ్రిటన్ ప్రభుత్వం 2025 ఆగస్టులో పాత వాహనాల గుర్తింపు రూల్స్ మార్చడంతో ఈ చర్చ మళ్లీ వేడెక్కింది.

640 కార్ల కథ

హీలీ 100 మొదట 1952లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో కనిపించింది. ఆస్టిన్ కంపెనీతో ఒప్పందం కుదరడంతో ఆస్టిన్-హీలీగా మారింది. 2,660 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. బాడీ జెన్సెన్ కంపెనీలో, అసెంబ్లింగ్ లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో. స్పీడు కావాలనుకునేవాళ్ల కోసం ‘లె మాన్ కిట్’ అని విడిగా అమ్మేవారు. పెద్ద కార్బ్యురేటర్లు, వేరే క్యామ్‌షాఫ్ట్ లాంటివి అందులో ఉండేవి. కొనుక్కుని డీలర్ దగ్గర బిగించుకోవచ్చు.

1955లో కంపెనీయే ఈ మార్పులు చేసి, హై కంప్రెషన్ పిస్టన్లు కూడా వేసి, 110 హార్స్‌పవర్ కారును 100ఎం పేరుతో అమ్మింది. ఇలా ఫ్యాక్టరీ తరఫున తయారైనవి 640 మాత్రమే. చిక్కు ఇక్కడే వచ్చింది. మామూలు 100కి తర్వాత కిట్ బిగించి, చీలికల బానెట్ తగిలిస్తే చూడ్డానికి అచ్చం 100ఎం లాగే ఉంటుంది. ఏది ఫ్యాక్టరీది, ఏది షెడ్డులో తయారైందో కంటితో చూసి చెప్పలేం.

కాగితం ఎంతవరకు చెబుతుంది?

ఇంగ్లండ్‌లోని గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ లాంటి కంపెనీల పాత ప్రొడక్షన్ రికార్డులు అక్కడి ఆర్కైవ్‌లో ఉన్నాయి. కారు నంబర్ ఇచ్చి ఫీజు కడితే, రిజిస్టర్ చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజిన్ నంబర్, తయారైన తేదీ, రంగు, ఫ్యాక్టరీలో అదనంగా బిగించినవి... ఇలా ఆనాడు రాసి పెట్టుకున్నవన్నీ అందులో ఉంటాయి.

డేటాబేస్ చదివినవాళ్లకు ఇది ఈజీగానే అర్థమవుతుంది. రిజిస్టర్ ఒక టేబుల్. కారు నంబర్ దాని ప్రైమరీ కీ. ‘ఈ నంబర్ కారు 100ఎంగానే బయటికెళ్లిందా?’ అన్న క్వెరీకి సర్టిఫికెట్ జవాబిస్తుంది. కానీ ‘మన ముందున్న కారు ఆ కారేనా?’ అన్నది వేరే ప్రశ్న. తుప్పు పట్టిన అసలు కారు నుంచి నంబర్ ప్లేటు ఊడదీసి వేరేదానికి బిగిస్తే? రికార్డు నిజమే, కారు మాత్రం అబద్ధం.

అందుకే తెలిసినవాళ్లు ఒక్క నంబర్‌తో ఆగరు. ఇంజిన్ మీద కొట్టిన నంబర్ రిజిస్టర్‌తో కలుస్తుందా? బాడీ భాగాల మీది నంబర్లు ఒకదానికొకటి సరిపోతున్నాయా? అంకెలు ఆ కాలం అచ్చులతోనే కొట్టారా, తర్వాత చెక్కారా? పాత బిల్లులు, ఫొటోలు, చేతులు మారిన వివరాలు వరుసగా దొరుకుతున్నాయా? ఒక్కో ఆధారం విడిగా బలహీనమే. అన్నీ ఒకే మాట చెబితేనే నమ్మకం.

కోర్టు చెప్పిన తేడా

1929, 1930ల్లో లె మాన్ రేసు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ మీద లండన్ హైకోర్టులో ఓ కేసు నడిచింది. సుమారు కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇది అసలు కారు కాదంటూ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. నిజానికి 1929 నాటి భాగాలు అందులో దాదాపు ఏమీ మిగల్లేదు. రేసుల కోసం మార్చారు, ప్రమాదం తర్వాత మళ్లీ కట్టారు. అయినా 1990లో జడ్జి ఆటన్ తీర్పు అమ్మినవాళ్ల వైపే వచ్చింది. భాగాలు మారినా కారు చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరు చెప్పుకోగల కారు ఇంకోటి లేదు అన్నది దాని సారాంశం. అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండటం ఒకటి, అదే కారుగా కొనసాగడం ఇంకోటి.

ప్రభుత్వాలు చూసేది ముఖ్యంగా రెండోదాన్నే. బ్రిటన్ వాహనాల శాఖ డీవీఎల్ఏ, బాగా మార్పులు చేసిన బండికి పాత నంబర్ ఉంచాలా వద్దా తేల్చడానికి పాయింట్ల పద్ధతి పెట్టుకుంది. కనీసం 8 రావాల్సి ఉండేది. ఒరిజినల్ ఛాసిస్‌కి 5 పాయింట్లు. సస్పెన్షన్, యాక్సిల్స్, ట్రాన్స్‌మిషన్, స్టీరింగ్... ఒక్కోదానికి 2. ఇంజిన్‌కి ఒకటే! కొనేవాడు ప్రాణంగా చూసే ఇంజిన్ నంబర్‌కి ప్రభుత్వం దగ్గర అంతే విలువ ఉండేది. 2025 మార్పులతో ఇంకాస్త సడలించారు. ఉన్నది ఉన్నట్టు రిపేర్ చేస్తే చెప్పక్కర్లేదు, ఎలక్ట్రిక్‌గా మార్చినా పాత గుర్తింపు ఉంటుంది. యజమానులకు ఇది ఊరటే. కానీ ‘ఫ్యాక్టరీ ఒరిజినల్’ అని రుజువు చేసే బరువు ఇక పూర్తిగా వాళ్ల ఫైళ్ల మీదే పడింది.

మన దగ్గర కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021లో తెచ్చిన వింటేజ్ రూల్స్ ఇంకా గట్టివి. బండికి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అప్పుడే ‘వీఏ’ సిరీస్ నంబర్ వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో తాత కారును షెడ్డులోంచి బయటికి తీయాలనుకునేవాళ్లకు మొదటి పని ఇంజిన్ రిపేర్ కాదు, కాగితాలు వెతకడం.

ఇందులో ఉద్యోగాలూ ఉన్నాయి

లాంగ్‌బ్రిడ్జ్‌లో చేత్తో రాసిన రిజిస్టర్ పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఈవీ బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బ్యాటరీ వివరాలు తెలియాలి. అక్కడికి ఎగుమతి చేసే కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. మెకానికల్ వాళ్లు సప్లై చెయిన్, క్వాలిటీ వైపు, సీఎస్ఈ వాళ్లు డేటా మోడలింగ్, సెక్యూరిటీ వైపు ‘ట్రేసబిలిటీ’ అన్న మాటను గుర్తుపెట్టుకోవడం మంచిది.

మన రెజ్యూమె సంగతేంటి?

‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం’ అని కొన్ని కన్సల్టెన్సీలు డబ్బులు గుంజుతుంటాయి. లెటర్ అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో లెటర్ ఒక్కటే చూడరు. పీఎఫ్ యూఏఎన్ రికార్డులో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అడుగుతారు. జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. ఇవన్నీ ఒకే మాట చెప్పవు. ఆఫర్ పోతుంది. చేరాక బయటపడితే ఉద్యోగమే పోతుంది.

కిట్ బిగించిన ఆస్టిన్-హీలీ చెడ్డ కారేం కాదు. ‘మామూలు 100కి తర్వాత కిట్ వేశాం, ఇవిగో బిల్లులు’ అని చెప్పి అమ్మితే దానికీ కొనేవాళ్లు ఉన్నారు. 100ఎం అని బోర్డు పెడితేనే మోసం. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టును ‘నేనే చేశా’ అని రాయడం కూడా ఈ బాపతే. ‘టీమ్‌లో లాగిన్ మాడ్యూల్ నాది’ అని రాయండి. తర్వాతి నాలుగు ప్రశ్నలకు ధైర్యంగా జవాబు చెప్పగలరు.

రుజువు పుట్టేది పని జరిగిన రోజునే. ఏళ్ల తర్వాత వెతికితే దొరకదు. మెమోలు డిజిలాకర్‌లో వస్తున్నాయేమో చూసుకోండి. ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్, కంపెనీ మెయిల్ నుంచి వచ్చిన కబుర్లు డిలీట్ చేయకుండా దాచుకోండి. కోడ్‌ని చివరి రోజు ఒకేసారి అప్‌లోడ్ చేయకుండా, రాసినప్పుడల్లా కమిట్ చేయండి. ఆ తేదీలే మీ ఫ్యాక్టరీ రిజిస్టర్. ఈ వారం మీ రెజ్యూమె తెరిచి, ప్రతి లైను పక్కన దాని రుజువేంటో పెన్సిల్‌తో రాయండి. ఏ లైను పక్కన ఖాళీ మిగిలిందో, ఆ లైను తీసేయండి. లేదంటే రుజువు ఉన్నంత మేరకే తిరిగి రాయండి.