కనబడుట లేదు... ఇరవైకి ఎన్ని?

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం విజయవాడలో మా చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్లాను. విస్తట్లో ఉండాల్సిన పప్పు గిన్నెలోనే చల్లారుతోంది. ఆవిడ మాత్రం బల్ల మీద ముప్ఫై ఎనిమిది కాగితాలు పరుచుకుని, చేతిలో ఎర్ర పెన్నుతో కూర్చుంది. ఏడో తరగతికి తెలుగు చెబుతుంది లెండి. "అన్నయ్యా, పత్రికలో పనిచేసినవాడివి కదా, ఇవి కాస్త చూసిపెట్టు" అంది.

సంగతేమిటంటే, మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగాన్ని నెల రోజుల పాటు రోజుకు కాస్త చొప్పున తరగతిలో చదివించింది. 1924 నాటి పుస్తకమైనా పిల్లలు పడీపడీ నవ్వారట. ఆ తర్వాత "ఇందులోంచి ఒక సంఘటన తీసుకుని దినపత్రికకు వార్త రాసుకురండి" అంది. ఇరవై మార్కులు.

ఇది ఆవిడ కొత్తగా కనిపెట్టిన పద్ధతేం కాదు. పిల్లల్ని ఏడాది చివరి పరీక్షతోనే తూచకుండా నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆ తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో పాఠం చివర 'సృజనాత్మకత' ప్రశ్నలకు చోటు పెరిగింది. పాఠాన్ని నాటికగా మార్చండి, కరపత్రం తయారుచేయండి, వార్తగా రాయండి... అడగడం తేలికే. దిద్దడం దగ్గరే ఉంది తంటా అంతా.

మొదటి కాగితం చూడగానే నాకు ముచ్చటేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. 'మొగల్తూరు యువకుడి సాహసం' అని శీర్షిక. యువత అతణ్ని ఆదర్శంగా తీసుకోవాలని ముగింపు. "పద్దెనిమిది వేసెయ్" అన్నాను. చెల్లెలు నవ్వింది. "పుస్తకం చదివినవాళ్లకే తెలిసే సంగతి ఇందులో ఒక్కటి చూపించు, వేస్తాను" అంది. రెండుసార్లు వెతికాను. ఒక్కటీ లేదు. అట్ట వెనక నాలుగు ముక్కలు చదివినా అంత వార్త రాసేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు రాసిపెట్టినా అలాగే ఉంటుంది.

రెండో కాగితంలో ఒత్తులు సగం ఎగిరిపోయాయి. కానీ ఆ పిల్లాడు ఓ లెక్క వేశాడు. పార్వతీశం నరసాపురంలో పడవెక్కి నిడదవోలు వచ్చాడు. అక్కడ మద్రాసు రైలెక్కాడు. అంటే ఆ రైలు మన బెజవాడ స్టేషను మీదుగానే వెళ్లాలి కదా! 'మన ఊరి మీదుగా ఇంగ్లండు ప్రయాణం' అని శీర్షిక పెట్టాడు. కాలవల్లో పడవలు మనుషుల్ని మోసిన కాలం గురించి వాళ్ల తాతను అడిగి రెండు వాక్యాలు రాశాడు. ఏలూరు కాలవ గట్టు మీదుగా రోజూ బడికి వెళ్లే పిల్లాడికి, ఆ నీళ్ల మీద ఒకప్పుడు రాకపోకలు సాగాయని ఓ నవల చెప్పిందన్నమాట. ఒత్తులు రేపు నేర్పుకోవచ్చు. ఈ చూపు అంత సులువుగా రాదు.

ఇంకొకడు పార్వతీశాన్ని గన్నవరంలో విమానం ఎక్కించాడు. అడగడమే ఆలస్యం, చదవలేదని ఒప్పేసుకున్నాడట.

టోపీ సంగతి పదిహేను మంది రాశారు. మద్రాసులో పార్వతీశం దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. అందరూ అదే రాసినా తేడా ఉంది. 'కావాలనే ఆడవాళ్ల టోపీ కొన్నాడు' అన్నవాళ్లకు కథ అందలేదు. అది ఆడవాళ్లదని కొన్నప్పుడు అతనికి తెలియదు. మనకు తెలుసు, అతనికి తెలియదు. నవ్వంతా ఆ సందులోనే పుడుతుంది. పైగా నవలంతా పార్వతీశమే 'నేను' అంటూ చెబుతాడు. వార్త రాసేవాడు ఆ 'నేను'ని 'అతను'గా మార్చాలి. ఏది జరిగిందో, ఏది పార్వతీశం అనుకున్నాడో విడదీయాలి. ఇది చేయగలిగితే పిల్లవాడు పుస్తకాన్ని అర్థం చేసుకున్నట్టే.

భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ఇరవై మార్కుల్నీ పంచాం. పుస్తకంలోంచి తెచ్చిన కచ్చితమైన వివరాలకు ఎనిమిది. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి మొదటి పేరాలోనే చెబితే నాలుగు. ఎవరి మాట ఎవరిదో చెబుతూ, తన అభిప్రాయాన్ని కలపకుండా రాస్తే నాలుగు. శీర్షికకు, భాషకు కలిపి నాలుగు. అక్షరాల అందానికి విడిగా ఏమీ లేదు. "ఈ లెక్క పిల్లలకు రాయకముందే చెప్పి ఉండాల్సింది" అని చెల్లెలే తప్పు ఒప్పుకుంది.

చివరి కాగితం దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. ఓ అమ్మాయి వార్త రాయలేదు. చిన్న డబ్బా గీసి లోపల ఇలా రాసింది: 'కనబడుట లేదు. పేరు పార్వతీశం. ఊరు మొగల్తూరు. ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు. బాబూ, ఎక్కడున్నా వెంటనే ఇంటికి రా. నిన్నెవరూ ఏమీ అనరు.' అంతే.

నాకు గొంతు పట్టేసినట్టయింది. ఇన్నిసార్లు చదివి నవ్వుకున్నాను కానీ, వెనక ఆ ఇల్లు నాకెప్పుడూ కనబడలేదు. కథ చెప్పేది కొడుకు కాబట్టి మనమూ అతనితో పాటే రైలెక్కేస్తాం. ఈ పిల్ల ఒక్కతే ఎక్కకుండా అమ్మానాన్నల దగ్గర ఉండిపోయింది. "ఇరవైకి ఇరవై" అన్నాను. "అడిగింది వార్త, రాసింది ప్రకటన. మిగతా ముప్ఫై ఏడు మందికి ఏం చెప్పను?" అంది చెల్లెలు. లెక్క ప్రకారం వేస్తే ఆరుకు మించి రావు. ఆ ఆరు ప్రోగ్రెస్ కార్డుకెక్కితే ఆ పిల్ల మళ్లీ అలా ఆలోచిస్తుందా?

అప్పుడు నాకు మా డెస్కు గుర్తొచ్చింది. పల్లెల నుంచి విలేకరి పంపిన వార్త సరిగ్గా లేకపోతే మేం సున్నా వేసేవాళ్లం కాదు. 'ఫలానా వివరం లేదు, కనుక్కుని మళ్లీ రాయి' అని తిప్పి పంపేవాళ్లం. అచ్చయ్యేదాకా అది చిత్తుప్రతే. బడిలో మాత్రం మొదటిసారి రాసిందే ఆఖరిది ఎందుకు కావాలి? ఎర్ర పెన్ను పక్కన పెట్టి పెన్సిలు తీశాం. ప్రతి కాగితం మీదా ఒక్కో ప్రశ్న రాసి, వారం గడువిచ్చి అందరికీ తిప్పి ఇచ్చింది. ఆ అమ్మాయి కాగితం మీద 'ఇదే సంగతి వార్తగా వస్తే ఎలా ఉంటుంది? పుస్తకంలో ఉన్నదే రాయాలి' అని రాసింది.

వారం తర్వాత చెల్లెలు ఫోన్లో చదివి వినిపించింది. మూడు పేరాల వార్త. ఊరు, పేరు, ప్రయాణం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆఖరి వాక్యం: 'దీనిపై పార్వతీశం తల్లిని వివరణ కోరగా ఆమె ఏమీ చెప్పలేదు.' ఎందుకలా రాశావని అడిగితే "ఆ రోజు అమ్మ ఏమందో పుస్తకంలో లేదు కదా టీచర్" అందట.

పద్దెనిమిది వచ్చాయి. మిగతా రెండూ అక్షర దోషాలకు పోయాయి.

మీ ఇంటికీ ఎప్పుడైనా అలాంటి కాగితం రావచ్చు. మూలన ఉన్న అంకె తర్వాత చూడొచ్చు. ముందు వార్త చదవండి.