గృహిణీపుట: సోమరితనము కాదు, వ్యాధి

గతమాసమున ఈ పుటలో పాడిదూడల సంరక్షణమును గూర్చి వ్రాసితిమి. దానిని చదివిన యొక సోదరి, “ఇంటిని కాచు కుక్కను గూర్చి యెన్నడును వ్రాయరేమి?” అని మమ్ము నడిగినది. వ్రాయవలసిన విషయ మొకటి మా మనస్సున చాలదినములుగా నున్నది. సిగ్గుచే ఆగితిమి. ఏలయన, అందలి దోషము మాదే.

మా గృహమున చిట్టి యను చిన్న కుక్క యున్నది. పొట్టికాళ్లు, పొడుగు నడుము గల డాక్సుండు జాతిది. వయస్సు 6 సంవత్సరములు. మా ఇంటివారు బడినుండి వచ్చు వేళకు వీథి మలుపువఱకు పరుగెత్తి యెదురేగుట దాని నిత్యకృత్యము. క్రిందటి సంవత్సరము దీపావళి నాటికి ఆ పరుగు నడకయయ్యెను. సంక్రాంతి నాటికి గడపదాక వచ్చి నిలిచిపోవుచుండెను. పిమ్మట పండుకొన్న చోటనే తోక కదలించి యూరకుండెను. 7 కిలోలుండిన బరువు 10 కిలోలయ్యెను. తిండి మాత్రము పెరుగలేదు.

మేము చేసిన దేమి? పెరుగన్నము మరగి సోమరిదైనదని తీర్మానించితిమి. దీపావళి వెళ్లినది మొదలు అన్నము సగమునకు తగ్గించితిమి. పిలిచినను లేవకున్న కసరితిమి. మాఘమాసమున ఒకనాడు మెడకు త్రాడు వైచి, తిరుమలాయపాలెము వెలుపల మిరపకాయలు ఆరబోసిన కళ్లమువఱకు బలవంతముగా నడిపింప జూచితిమి. అది సగము దారిలో కూలబడి మా ముఖము వంక చూచినది. ఆ చూపును నేటికిని మఱవలేము. మూడు నెలలు సగము తిండి తినియు బరువు తగ్గని జంతువును చూచినప్పుడైనను మాకు సందేహము కలుగవలసినది. కలుగలేదు.

ఫాల్గుణమున మా ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినది. ఆమె నాలుగేండ్లుగా థైరాయిడు మాత్రలు వాడుచున్నది. రెండు దినములు చిట్టిని గమనించి, “వదినా, దీనికి చలి యెక్కువా?” అని యడిగెను. నిజమే. ఎండలు ముదురుచున్నను అది పెరటిగోడ వారను ఎండపొడ వెదకికొని పరుండుచుండెను. రాత్రులందు నీళ్లపొయ్యి బూడిదచెంత చేరుచుండెను. “తోక చూచితిరా వదినా? వెండ్రుక లూడి ఎలుకతోకవలె నున్నది. నన్నును మొదట అందఱు సోమరి యనియే కదా అనిరి!” అని ఆమె నవ్వినది. మాకు నవ్వు రాలేదు. అట్లనిన వారిలో మేమును ఉంటిమి.

భారతము ఆదిపర్వములోని సరమ కథను మీరు చదివియే యుందురు. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమయను దేవతల కుక్క యొక్క కుమారుడు యజ్ఞశాలకు వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు హవిస్సును ముట్టలేదు. తల్లి వచ్చి, తప్పు చేయనివానిని ఏల కొట్టితిరని సభలో అడిగినది. రాజునకు ఉత్తరము దొరకలేదు. చిన్ననాడు మా నాయనగారివద్ద ఆ కథ చదివినప్పుడు, ఇది రాజులకు చెప్పిన నీతి యనుకొంటిమి. చిట్టి విషయమున అది గృహిణులకు కూడ చెప్పినదేయని తెలిసినది.

ఇక వ్యాధి మాట. కుక్కకును మనకువలెనే మెడలో, గాలిగొట్టమున కిరుప్రక్కల థైరాయిడు గ్రంథి యున్నది. అది పుట్టించు థైరాక్సిను అను రసము శరీరమంతటను పొయ్యిలోని మంటవంటి పని చేయును. ఆ మంట తగ్గినచో తిన్న యన్నము ఖర్చుగాక క్రొవ్వుగా నిలుచును. ఒడలు చల్లబడును. గుండె మెల్లగా కొట్టుకొనును. చర్మము, వెండ్రుకలు చెడును. కుక్కలలో ఈ మాంద్యము సామాన్యముగా అయొడిను లోపమువలన రాదు. తఱచుగా శరీరము తన గ్రంథిని తానే శత్రువుగా నెంచి క్రమక్రమముగా నాశనము చేయుటచేత వచ్చును. కొన్నింట కారణము తెలియకయే గ్రంథి కృశించిపోవును.

ఈ భేదము నేల చెప్పుచున్నామనగా, “కూటిలో అయొడిను ఉప్పు ఎక్కువ వేయుడు, తగ్గును” అని మా పొరుగింటి పెద్దమ్మగారు చెప్పిరి. అయొడిను ఉప్పు గొప్పతనము వేఱు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలుకొని హిమాలయములకడ కాంగ్రా లోయలో అయొడిను కలిపిన ఉప్పునిచ్చి పరీక్షించి, గొంతువాపు వ్యాధి తగ్గునని స్థాపించిరి. అచట గ్రంథి కలదు, దానికి కావలసిన అయొడిను లేదు. చిట్టివంటి కుక్కలో అయొడిను కలదు, పనిచేయు గ్రంథి లేదు. కుండయే పగిలినప్పుడు నీరెంత పోసిన నేమి?

లక్షణములు చెప్పెదము. ఈ వ్యాధి సాధారణముగా 4 మొదలు 10 సంవత్సరముల వయస్సులో పొడసూపును. పెద్ద, మధ్యరకపు జాతులలో ఎక్కువ. చిన్నవానిలో డాక్సుండు మున్నగు కొన్ని జాతులకు వచ్చుచుండును. తిండి పెరుగకయే బరువు పెరుగుట, మందకొడితనము, చలి కోర్వలేకుండుట ముఖ్యమైనవి. నడుమునకు రెండు ప్రక్కల సమానముగాను, తోకమీదను వెండ్రుకలూడును. అచట దురద యుండదు. చర్మము నల్లబడి మందమగును. ముఖచర్మము ఉబ్బి కుక్క యెల్లప్పుడు దుఃఖించుచున్నట్లు కనబడును. చెవులలోను చర్మమునను మాటిమాటికి పుండ్లు పుట్టి, మందు ఆపినంతనే మఱల వచ్చును. ఆడుకుక్క ఎదకు వచ్చుట క్రమము తప్పును.

అయితే వెండ్రుక లూడిన ప్రతి కుక్కకు ఇదే వ్యాధి యనుకొనరాదు. మిక్కిలి చిన్న జాతులలో థైరాయిడు మాంద్యము అరుదు గనుక ముందుగా ఇతర కారణములను వెదకవలెను. దురదతో గోకికొనుచున్నచో గజ్జియో పిడుదులో చూడుడు. నీరు విపరీతముగా త్రాగి, మాటిమాటికి మూత్రము పోసి, ఆకలి హెచ్చి, పొట్ట వ్రేలాడుచున్నచో అది కుషింగు వ్యాధి కావచ్చును. చిన్న కుక్కలలో అది తఱచు కనబడును. మా వీథిలోని పామరేనియను కుక్కకు తొడల వెనుక, నడుముమీద వెండ్రుకలన్నియు ఊడి చర్మము నల్లబడినది. కాని అది లేడివలె గంతులిడుచుండెను. రక్తపరీక్షలో థైరాయిడు సరిగనే యున్నది. ఆ జాతికి వచ్చు వెండ్రుకల వికారము వేఱొకటి కలదని వైద్యులు చెప్పి, థైరాయిడు మాత్ర నీయలేదు. హుషారు తగ్గకుండ బొచ్చు మాత్రమే పోయినచో తొందరపడి ఈ వ్యాధి పేరు పెట్టరాదు.

పరీక్షలో మేము పడిన పొరపాటు మీరు పడకుందురుగాక. దగ్గఱ కదా యని పట్టణమునందు మనుష్యుల రక్తము పరీక్షించు ఒకచోట చిట్టి రక్తము నిప్పించితిమి. టీ.ఎస్.హెచ్. దాదాపు సున్న యని కాగితము వచ్చినది. “గ్రంథి అతిగా పనిచేయుచున్నది” అని అచటివారు చెప్పిరి. మేము నమ్మితిమి కూడ. పశువైద్యులు ఆ కాగితమును చూచి తల యూపిరి. టీ.ఎస్.హెచ్. అనునది థైరాయిడు గ్రంథిని పనికి పురికొల్పుటకై మెదడు క్రింది గ్రంథి పంపు ఆజ్ఞ. మనుష్యుల టీ.ఎస్.హెచ్.ను కొలుచు పరీక్ష కుక్క టీ.ఎస్.హెచ్.ను గుర్తింపజాలదు. కావున అచట సున్న వచ్చుటలో అర్థము లేదు. థైరాక్సిను కొలత యందును కుక్కకు సహజమైన పరిమాణము మనకంటె తక్కువ. మన లెక్కతో చూచినచో ఆరోగ్యముగా నున్న కుక్కయు రోగియే యగును.

తరువాత కుక్కలకొఱకు ఏర్పడిన పరీక్ష చేయించితిమి. థైరాక్సిను తగ్గియు, టీ.ఎస్.హెచ్. హెచ్చియు నున్నది. రెండును కలిసి వచ్చినప్పుడే వైద్యులు నిశ్చయముగా చెప్పగలరు. రోగమున్న కుక్కలలో సుమారు నాలుగింట ఒకదానికి టీ.ఎస్.హెచ్. పెరుగకయే యుండును. అప్పుడు రక్తములో విడిగా తిరుగు థైరాక్సినును ప్రత్యేకముగా కొలుతురు. ఇంకొకటి గమనింపుడు. వేఱే జబ్బు చేసినను, స్టెరాయిడు మందులు, మూర్ఛకిచ్చు ఫినోబార్బిటాలు, సల్ఫా మందులు వాడుచున్నను థైరాక్సిను తగ్గినట్లు కనబడును. కావున ఏ మందు వాడుచున్నారో వైద్యునికి ముందే చెప్పవలెను. ఖమ్మమునకు దూరముగా నున్న సోదరీమణులు వరంగల్లువద్ద మామునూరులోను, హైదరాబాదు రాజేంద్రనగరులోను పశువైద్య కళాశాలలు కలవని జ్ఞాపకముంచుకొందురుగాక.

పరీక్ష ఫలితము వచ్చులోపల ఆడబిడ్డ మాత్రలలో ఒకటి ఇచ్చి చూతమాయని మాకొక దుర్బుద్ధి పుట్టినది. ఈయకుండుట మంచిదయ్యెను. ముందే మాత్ర లిచ్చినచో పరీక్ష చెడును. వానిని మాన్పించి కొన్ని వారములు ఆగినగాని నిజము తెలియదు.

ఔషధము లీవోథైరాక్సిను. మనుష్యుల కిచ్చునదే. మోతాదు మాత్రము వేఱు. కుక్క బరువులో కిలో ఒకటికి సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున దినమునకు రెండుసార్లు మొదలుపెట్టుట వాడుక. 10 కిలోల చిట్టికి పూటకు 200, దినమునకు 400 మైక్రోగ్రాములు వ్రాసియిచ్చిరి. మా ఆడబిడ్డ దినమున కొక 75 మైక్రోగ్రాముల మాత్రతో సరిపెట్టుకొనును. మందులకొట్టువాడు చీటి చూచి, “అమ్మా, ఇది కుక్కకా, ఏనుగుకా?” అనెను. మేమును భయపడి వైద్యునితో ఫోనులో మాటాడితిమి. కుక్క ప్రేగులు ఈ మందును కొంచెముగానే గ్రహించును, గ్రహించినదియు త్వరలోనే శరీరమును వీడిపోవును, మనలో దినముల తరబడి నిలుచునది కుక్కలో గంటలే నిలుచునని ఆయన వివరించిరి. ఈ లెక్కను చూచి మీ యంతట మీరు మందు మొదలుపెట్టవలదు. గుండెజబ్బు, చక్కెరవ్యాధి వంటివి యున్న కుక్కకు తక్కువ మోతాదుతో మొదలిడుదురు.

మాత్రను పరగడుపున ఇచ్చుట మేలు. తిండితో నిచ్చినచో తక్కువగా పట్టును. ఎట్లిచ్చినను ప్రతిదినము ఒకే తీరున, ఒకే వేళకు ఇయ్యవలెను. ఒక పూట మఱచినచో రెండవ పూట రెండింతలు చేయరాదు. మందు మొదలిడిన నాలుగు మొదలు ఎనిమిది వారములకు మఱల రక్తము చూపవలెను. ఆనాడు మాత్ర ఇచ్చిన 4 మొదలు 6 గంటలకు రక్తము తీయుదురు. మోతాదు హెచ్చినచో కుక్క కుదురు లేక తిరుగును, రొప్పును, నీరెక్కువ త్రాగును, చిక్కిపోవును. అప్పుడు వైద్యునికి తెలుపుడు. మందు లేని కుక్క ఒడలు చల్లబడి, లేపినను తెలివి రాక పడియున్నచో ఒక్క గంటయైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. అది అరుదైనను ప్రాణాంతకము. ఈ మందు జీవితాంతము వాడవలసినది. బాగుపడినదిగదా యని మానిన మొదటికి వచ్చును.

నూఱేండ్లకు పూర్వము ఈ మేలు దుర్లభముగా నుండెను. 1891లో ఇంగ్లండునందు జార్జి మర్రే యను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడు సారమును సూదితో నిచ్చి, ఇదే మాంద్యముతో మొద్దుబారియున్న 46 ఏండ్ల స్త్రీని లేపి నిలిపెను. ఆమె మఱి 28 సంవత్సరములు బ్రదికినది. 1914లో కెండాల్ థైరాక్సినును వేఱుచేసెను. 1927లో హారింగ్టను మొదలగువారు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. ఒక స్త్రీకి మొదట దొరికిన ప్రాణము నేడు మా వాకిటి కుక్కవఱకు వచ్చినది.

మందు మొదలిడిన రెండవ వారమున చిట్టి తనంతట లేచి పెరటిదాక నడచినది. మొదట పాత వెండ్రుకలు ఇంకను రాలినవి. భయపడితిమి గాని అది క్రొత్త బొచ్చు వచ్చుటకు పూర్వరంగము. తోక నిండుటకు అయిదు నెలలు పట్టినది. బరువు 8 కిలోలకు దిగినది. వైద్యులు మాత్ర కొంచెము తగ్గించిరి. శ్రావణమాసమున ఒక సాయంకాలము మా ఇంటివారు బడినుండి ఒంటరిగా గాక చిట్టితో కలిసి వచ్చిరి. అది వీథి మలుపువఱకు వెళ్లి యెదుర్కొన్నదట.

ఆనాటి రాత్రియే మా ఆడబిడ్డకు ఫోను చేసితిమి. చిట్టి సంగతి చెప్పితిమి. నాలుగేండ్ల క్రిందట ఆమెనన్న మాటకు క్షమింపుమని కూడ చెప్పితిమి. “పోనీయండి వదినా, చిట్టి మిమ్ము క్షమించినదిగదా” అనినది.

సోదరీమణులారా, మీ యింట మనుష్యుడు గాని, నోరులేని జంతువు గాని అకస్మాత్తుగా సోమరి యైనట్లు తోచినచో, కసరుటకు ముందు ఒకసారి పరీక్ష చేయింపుడు. వచ్చు మాసమున వానకాలపు చెవిపోటును గూర్చి వ్రాసెదము.