రాతిపై వ్రాయదగిన మాట

బాపట్లలోనున్న నా పూర్వవిద్యార్థి యొకడు ఇటీవల ఒక కాగితము తెచ్చి నా ముందు పెట్టెను. గతించిన తండ్రి సమాధిపై చెక్కింపదలచిన వాక్యములవి. తెనాలిలో రాయి సిద్ధముగా నున్నదనియు, భాషాదోషములు దిద్దియిమ్మనియు కోరెను. "భారతమాత ముద్దుబిడ్డ, 1971 యుద్ధమున అమరవీరుడు" అని అందులో నుండెను. భాషలో దోషమేమియు లేదు. దోషము విషయములోనే యున్నది.

ఆ పెద్దమనిషిని నేనెరుగుదును. రేపల్లె దాపున నొక పల్లెలో పుట్టి, సైన్యములో ఇ.ఎం.ఇ. దళమున చేరి, వాహనములకు మరమ్మతు చేయుచు హవల్దారుగా విరమించెను. తరువాత తెనాలిలో స్థిరపడి, ఎనుబదవ యేట తన యింట మంచముమీదనే కన్నుమూసెను. భార్య సమాధి యున్న బాపట్ల సమాధుల తోటలోనే ఆయననూ ఉంచిరి. "ముందువరసలో నేను లేనండీ. ముందుకుపోయే లారీలు ఆగకుండా చూశాను" అని ఆయన చెప్పగా నేను విన్నాను.

డిశ్చార్జి పుస్తకము తెమ్మని కుమారునితో చెప్పితిని. అందులో పూర్వీ స్టార్ పేరున్నది. అది 1971 యుద్ధమున తూర్పురంగములో పనిచేసినవారికిచ్చిన పతకము. స్వాతంత్ర్య రజతోత్సవ పతకమున్నది. అది 1972 ఆగస్టు 15 నాటికి కొలువులోనున్న వారందరికిని దక్కినది. శత్రువు నెదిరించి చూపిన శౌర్యమునకు 1950లో నెలకొల్పిన వీరచక్రము వేరు. సేవకు గుర్తు ఒకటి, శౌర్యమునకు గుర్తు ఒకటి. ఇక అమరవీరుడను మాట రణమున ప్రాణమిచ్చినవారిది. దానిని మంచముమీద పోయిన మనిషికి తొడిగినచో, ఆయనకు గౌరవము హెచ్చదు. పోరులో పడినవారి సొత్తు తరుగును.

"అందరూ అలాగే వేయిస్తున్నారు మాస్టారూ. ఉత్త హవల్దార్ అంటే ఏం బాగుంటుంది?" అని అతడు నొచ్చుకొనెను.

ఆ 'ఉత్త' యను మాటయే నన్ను బాధించినది. మన రాజ్యాంగము పదునెనిమిదవ అధికరణమున బిరుదులన్నింటిని తొలగించుచు, సైనిక, విద్యా సంబంధమైన వానిని మాత్రము మినహాయించినది. రాజ్యాంగమే నిలువనిచ్చిన హోదా ఉత్తదెట్లగును? మదరాసు నందంబాకములోని యుద్ధసమాధులను చూచినవారికి ఈ సంగతి తెలియును. 1917లో ఏర్పడిన యుద్ధసమాధుల సంఘము అధికారికిని సిపాయికిని ఒకే కొలత రాయి నిలుపవలెనని నియమము చేసినది. సంఖ్య, హోదా, పేరు, దళము, మరణించిన తేదీ, వయస్సు. ఆపైన కుటుంబమువారు కోరుకొన్న మాట, అదియు మొదట 66 అక్షరములకు మించరాదు. ఆ పొదుపులో అగౌరవమేమియు కనబడదు.

ప్రశంస మన శాసనములకు సహజము కదా యని సాహిత్యపరు లాక్షేపింపవచ్చును. నిజమే. తొమ్మిదవ శతాబ్దినాటి అద్దంకి శాసనము పండరంగడను సేనానిని పద్యములోనే పొగడినది. కాని పండ్రెండు బోయ స్థావరములను గెలిచెనని లెక్క చెప్పినది, ఊళ్లపేర్లు చెప్పినది. ఆ వివరములుండబట్టియే నేడు చరిత్రకారుడు దానిని పట్టుకొని కూర్చుండును. వట్టి విశేషణములే యైనచో ఆ రాయి ఏ సేనానికైనను సరిపోయెడిది.

ఇంకొక చిక్కు వచ్చినది. సైన్యపు పుస్తకములోని పుట్టినతేదీకిని, చర్చిలోని బాప్తిస్మపు పుస్తకమునకును రెండేండ్ల తేడా యున్నది. వయస్సు చాలక ఆ కుర్రవాడు రెండేండ్లు కలిపి చెప్పి చేరెనట! చర్చి లెక్కనే చెక్కింపుమంటిని. అది వ్రాసిననాడు అబద్ధమాడవలసిన అవసర మెవరికిని లేదు. దళపు గుమస్తా వదలివేసిన ఇంటిపేరును పూర్తిగా వేయింపుమంటిని. సేవాసంఖ్య మాత్రము తప్పరాదు. రేపు మనుమడెవడైన తాతను గూర్చి తెలిసికొనగోరినచో, సికిందరాబాదులోని ఆ దళపు రికార్డుల కార్యాలయమున అడుగుటకు దారిచూపునది ఆ అంకెలే. 'ముద్దుబిడ్డ' అను మాట పట్టుకొని అతడెక్కడికి పోగలడు?

కడకు మేము కుదుర్చుకొన్నది ఇది: ఇంటిపేరుతో పేరు, హవల్దార్, ఇ.ఎం.ఇ. దళము, సేవాసంఖ్య, పుట్టిన సంవత్సరము, ప్రభువునందు నిద్రించిన తేదీ. వాని క్రింద ఒకే వాక్యము: "యుద్ధకాలమున బండ్లు ఆగనీయలేదు."

అతడు కాగితము రెండుసార్లు చదివికొనెను. సంతోషించినట్లు కనబడలేదు. గుమ్మము దాటుచు మాత్రము, "ఈ చివరిది నాన్న మాటే కదండీ" అనెను. ఔనంటిని. తండ్రి తన్ను గూర్చి చెప్పుకొన్నదానికంటె మిన్నగా చెప్పు హక్కు బిడ్డలకు ప్రేమ యిచ్చునేమో గాని, రాతిమీద చెక్కించు హక్కు ఈయదు.