తెరచాప విద్య నౌకాదళం గడప దాటేనా?

భారత నౌకాదళ శిక్షణ నౌక ఐఎన్ఎస్ సుదర్శిని 2026 జనవరి 20న కొచ్చి నుంచి ‘లోకాయన్-26’ యాత్రకు బయలుదేరింది. పది నెలల్లో సుమారు 22,000 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 13 దేశాల్లోని 18 ఓడరేవులను సందర్శించాలన్నది ప్రణాళిక. నౌకాదళం, తీర రక్షక దళాలకు చెందిన 200 మందికి పైగా యువతీయువకులకు ఇందులో శిక్షణ ఇవ్వాలని సంకల్పించారు. క్షిపణులు, అణు జలాంతర్గాములు ఉన్న దళం తన యువ అధికారులను తెరచాప ఓడపైకి ఎందుకు పంపుతోందన్న ప్రశ్న సహజం.

సమాధానం ఆ ఓడ నిర్మాణంలోనే ఉంది. గోవా షిప్‌యార్డులో తయారైన సుదర్శిని పొడవు 54 మీటర్లు. మూడు స్తంభాలు, 20 తెరచాపలు, దాదాపు ఏడున్నర కిలోమీటర్ల తాళ్లు. ఏ తాడు ఏ తెరచాపను కదిలిస్తుందో అర్ధరాత్రి చీకట్లోనూ చేతికి తెలియాలి. గాలి దిశ మారితే పదిమందీ ఒకే ఊపున తాడు లాగాలి; ఒకరు పట్టు వదిలితే ఆ భారం పక్కవారి భుజాలపై పడుతుంది. చేసిన తప్పు అక్కడికక్కడే అందరికీ కనిపిస్తుంది. మబ్బు రంగును, కెరటాల తీరును చూసి పెనుగాలి రాకను పసిగట్టడం తరగతి గదిలో అబ్బే విద్య కాదు.

దీనిని పాతకాలపు మోజుగా కొట్టిపారేయడమూ తగదు. నక్షత్రాల ఆధారంగా దిక్కు, స్థానం గుర్తించే పాఠాన్ని 1990ల చివర్లో పక్కనపెట్టిన అమెరికా నౌకాదళ అకాడమీ 2015లో దానిని తిరిగి ప్రవేశపెట్టింది. ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్ ప్రాంతాల్లో జీపీఎస్ సంకేతాలకు అంతరాయాలు ఏర్పడుతున్న ఈ రోజుల్లో ఆ నిర్ణయం దూరదృష్టితో కూడినదేనని ఒప్పుకోవాలి.

అయితే ఇది ప్రమాదం లేని బడి కాదు. 1957 సెప్టెంబరులో జర్మన్ శిక్షణ నౌక ‘పామీర్’ అట్లాంటిక్ తుపానులో మునిగిపోయింది. అందులోని 86 మందిలో ఆరుగురే బతికారు; ఓడలో ఉన్నవారిలో సగానికి పైగా శిక్షణార్థులే. 2010లో కెనడా విద్యార్థులతో ప్రయాణిస్తున్న ‘కాంకోర్డియా’ బ్రెజిల్ తీరానికి దూరంగా బోల్తా పడగా, ఓడలోని 64 మందీ రక్షణ తెప్పలపై గంటల తరబడి గడిపి ప్రాణాలతో బయటపడ్డారు. 2025 మే 17న మెక్సికో నౌక ‘క్వావ్‌తెమోక్’ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనను ఢీకొని ఇద్దరు మరణించారు. అయినా ఏ దేశమూ ఈ శిక్షణను మానుకోలేదు. భద్రతా నియమాలనే బిగించుకుంటూ వచ్చాయి.

భారత్‌లో అసలు చిక్కు వేరు. 1956లో మొదలైన టాల్ షిప్స్ రేసుల నిబంధన ప్రకారం ఓడ సిబ్బందిలో కనీసం సగం మంది 15 నుంచి 25 ఏళ్లవారై ఉండాలి. వారు సైనికులే కానక్కర్లేదు. అనేక ఐరోపా ఓడల్లో సాధారణ విద్యార్థులే తాళ్లు లాగుతారు. 2003-04లో భూప్రదక్షిణ చేసిన ఐఎన్ఎస్ తరంగిణి 2018లో ఈ రేసుల్లో పాల్గొంది. కానీ తరంగిణి, సుదర్శినిల తలుపులు ప్రధానంగా యూనిఫాం ధరించినవారికే తెరుచుకుంటాయి.

ప్రతిభకు కొరత లేదు. 2017-18లో ‘తారిణి’ అనే చిన్న తెరచాప పడవపై 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ శిక్షణతో పేద కుటుంబాల పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు గెలుస్తున్నారు. సరస్సులో నేర్చుకున్నవారికి సముద్రం మీద తదుపరి మెట్టు ఏదన్నదే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరం ఉన్నా మత్స్యకార యువతకూ అటువంటి దారి కనిపించదు.

కొచ్చి నుంచి విశాఖ వరకు సాగే స్వదేశీ ప్రయాణాల్లోనైనా వాణిజ్య నౌకా క్యాడెట్లకు, తీరప్రాంత విద్యార్థులకు కొన్ని చోట్లు కేటాయించవచ్చు. అందుకు నౌకాదళం అనుమతి ఒక్కటే చాలదు. వైద్య పరీక్షలు, బీమా, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న అంశాలపై రక్షణ, నౌకారవాణా మంత్రిత్వ శాఖలు ముందుగా ఒక అంగీకారానికి రావలసి ఉంటుంది.